బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్: నాలుగేళ్లూ ఎలా చదవాలి?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ఇంట్లో ఒకటే చర్చ. మామూలు సీఎస్‌ఈనా, ఏఐ-ఎంఎల్లా, డేటా సైన్సా? రేపన్నీ ఏఐ ఉద్యోగాలేనట అని బాబాయ్, అసలు ఉద్యోగాలే ఉండవట అని మామయ్య. ఇద్దర్నీ కాసేపు పక్కన పెట్టి, యూనివర్సిటీ సైట్లోంచి ఆ మూడు బ్రాంచిల సిలబస్ దించుకోండి. మొదటి రెండేళ్ల సబ్జెక్టులు పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు అవే కనిపిస్తాయి. అసలు తేడా మొదలయ్యేది మూడో ఏడాది నుంచే. అందుకని బ్రాంచి పేరు చూసి మంచి ఫ్యాకల్టీ, పనిచేసే ల్యాబులు ఉన్న కాలేజీని వదులుకోవద్దు.

మొదటి ఏడాది: ఒక్క భాష చాలు

సీ అయినా పైథాన్ అయినా కాలేజీలో ఏది చెబితే అదే పట్టుకోండి. యూట్యూబ్ చూసి వారానికో భాష మార్చొద్దు. మన ల్యాబుల్లో ప్రోగ్రాం రాయడానికి కంటే రికార్డు నింపడానికే ఎక్కువ టైము పోతుంది. ఆ తంటా ఎలాగూ తప్పదు కానీ, రికార్డు మీద సంతకం పడితే సబ్జెక్టు వచ్చేసిందనుకోకండి.

సార్ చెప్పిన ప్రోగ్రాం టైప్ చేసి రన్ చేయండి. ఫైలు మూసేసి, చూడకుండా మళ్లీ రాయండి. ఆ తర్వాత కావాలని అక్కడా ఇక్కడా మార్చి ఏమవుతుందో చూడండి. సీలో మూడు సబ్జెక్టుల మార్కుల సగటు కడుతున్నారనుకోండి. మొత్తం 200. మూడుతో భాగిస్తే 66.67 రావాలి, మీకు మాత్రం 66.00 వస్తుంది. సగటుకు దశాంశాలు పట్టే ఫ్లోట్ వేరియబుల్ పెట్టినా అంతే. రెండు పూర్ణాంకాలను భాగించినప్పుడు సీ దశాంశాన్ని పారేస్తుంది, జవాబు ఫ్లోట్‌లోకి చేరేసరికే అది పోయి ఉంటుంది. 3 బదులు 3.0 అని రాసి చూడండి. ఎర్రర్ చూపకుండా తప్పు జవాబిచ్చే ఇలాంటి చోట్లే ప్రోగ్రామింగ్ వంటబడుతుంది.

ఆ తర్వాత: నాలుగు సబ్జెక్టులు గట్టిగా

డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ (డేటాబేస్‌ల పాఠం), కంప్యూటర్ నెట్‌వర్క్స్. ఏఐ సర్వీసు నడిచేదీ వీటి మీదే. యూనిట్‌కు రెండు ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ కొడితే పాసైపోతారు, ఇంటర్వ్యూలో దొరికిపోతారు. చదివినదాన్ని కళ్లారా చూసే దారి వెతకండి.

డీబీఎంఎస్‌లో ట్రాన్సాక్షన్ల పాఠమే తీసుకుందాం. ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఉచితమే. ఖాతాల పేరుతో ఒక టేబుల్, అందులో ఇద్దరు మనుషులు, చెరో 1,000 రూపాయలు. రెండు టెర్మినల్ విండోలు తెరవండి. మొదటిదాంట్లో బిగిన్ కొట్టి, ఒకరి ఖాతాలోంచి 500 తీసేయండి. మార్పును ఖాయం చేసే కమిట్ మాత్రం కొట్టొద్దు. రెండో విండోలో సెలెక్ట్ కొడితే ఇంకా 1,000 అనే చూపిస్తుంది. ఇప్పుడు అక్కడి నుంచి అదే ఖాతాలో 200 తీయబోండి. కర్సర్ కదలదు, మొదటి విండో సంగతి తేలేదాకా ఆగుతుంది. ఆ మొదటి విండోను అలాగే మూసేయండి. 500 కోత రద్దవుతుంది, రెండోది కదులుతుంది, ఖాతాలో 800 మిగులుతాయి. పాఠంలోని అటామిసిటీ (పని పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగకూడదు), లాకింగ్ (ఒకరు మారుస్తుంటే రెండోవారు ఆగాలి) రెండూ ఇవే. ఇక డబ్బు రెండు వేర్వేరు బ్యాంకుల మధ్య మారాల్సి వస్తే, యూపీఐలో లాగా, ఇదొక్కటే ఎందుకు సరిపోదో ఆలోచించండి. అక్కడి నుంచి నెట్‌వర్క్స్ పాఠం దానంతటదే రుచిస్తుంది.

సాయం ఎక్కడ తీసుకోవాలి?

ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ వీడియో పాఠాలు చూడటానికి ఫీజు లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే కట్టాలి. సెమిస్టర్‌కు ఒక కోర్సు చాలు, నాలుగింట్లో చేరి నాలుగూ వదిలేయడం మనకు మామూలే.

చాట్‌జీపీటీ లాంటివి వాడండి, కానీ వరుస తప్పొద్దు. ముందు మీరు అరగంట తన్నుకోవాలి. తర్వాత మీ కోడ్ చూపించి, "సమాధానం ఇవ్వకు, తప్పు ఎక్కడుందో చిన్న సూచన ఇవ్వు" అని అడగండి. అది ఇచ్చిన కోడ్‌లో ఏ లైను ఎందుకుందో పక్కవాడికి చెప్పలేకపోతే దాన్ని సబ్మిట్ చేయొద్దు. అది తప్పు చెప్పినా ఒప్పు చెప్పినంత ధీమాగానే చెబుతుంది. ఆ తేడా పట్టుకోవడానికే ఆ నాలుగు సబ్జెక్టులు.

ప్రాజెక్టు

అమీర్‌పేటలో డాక్యుమెంటేషన్‌తో సహా ప్రాజెక్టు కొనుక్కొచ్చే అలవాటు ఈనాటిది కాదు. వైవాలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. హాస్టల్ మెస్ లెక్కల యాప్ అయినా సరే, పదిమంది ఫ్రెండ్స్ నిజంగా వాడేది మీరే కట్టండి. వాళ్లు తిట్టే తిట్లే మీ రిక్వైర్‌మెంట్స్. మొదటి రోజు నుంచీ కోడ్‌ను గిట్‌లో పెట్టండి, చేసిన ప్రతి మార్పునూ (దాన్నే కమిట్ అంటారు) అది దాచి ఉంచుతుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ పని కోసం రాసిన ఈ పనిముట్టు ఇప్పుడు దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఉంది. ఆఖరి రాత్రి ఒకేసారి అప్‌లోడ్ చేసిన కోడ్‌కీ, నెలల తరబడి కమిట్ అవుతూ వచ్చిన కోడ్‌కీ తేడా ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

బ్యాక్‌లాగ్‌లు పెట్టుకోవద్దు, చాలా కంపెనీలు వాటిని చూసి రాతపరీక్షకే రానివ్వవు. ఎంటెక్ ఆలోచన ఉంటే మూడో ఏడాదిలోనే ఒకసారి గేట్ రాయండి. 100 మార్కుల్లో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌కు పోతాయి, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.