పెరట్లో ఇటుకల ఫైర్ పిట్ కట్టే ముందు

అమెరికా వచ్చి పెరడున్న ఇంట్లో దిగాక, చలికాలం మొదలవుతుంటే చాలామందికి ఫైర్ పిట్ (ఆరుబయట మంట వేసుకునే గుంత) మీద మనసు పోతుంది. కట్టడం కష్టమేమీ కాదు, తాపీ పని రానివాళ్లూ కట్టుకోవచ్చు. అసలు జాగ్రత్తంతా ఇటుకలు కొనకముందే కావాలి.

అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నట్టు ఒక ఈమెయిలైనా దగ్గర పెట్టుకోండి. సొంత ఇల్లయినా హెచ్‌ఓఏ (కాలనీలోని ఇంటి యజమానుల సంఘం) ఉంటే వాళ్ల నిబంధనలు చదవండి. ఆ తర్వాత ఊళ్లోని ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి అడగండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, అలా అడిగేవాళ్లు వాళ్లకు కొత్త కాదు. చాలా ఊళ్లు అనుసరించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ప్రకారం ఇలాంటి మంట ఇంటికి కనీసం 25 అడుగుల దూరంలో ఉండాలి. కట్టెల పేర్పు 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు మించకూడదు. మీ ఊరి లెక్క వేరేగా ఉంటే అదే పాటించాలి. చెక్క కంచె, డెక్, పైన వాలిన కొమ్మలు కూడా చూసుకోండి.

తవ్వేది అడుగు లోతు కూడా ఉండదు కదా అని, నేలలోని లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే 811 నంబరుకు ఫోన్ చేయడం మానకండి. ఇంటర్నెట్ కేబుళ్లు ఒక్కోసారి పారకు తగిలేంత పైనే ఉంటాయి. కొన్ని రోజుల ముందు చెబితే ఉచితంగా వచ్చి గడ్డి మీద రంగు గీతలు వేసి వెళ్తారు: ఎరుపు కరెంటుకు, పసుపు గ్యాస్‌కు, నీలం మంచినీళ్లకు, నారింజ ఫోన్, కేబుల్ లైన్లకు. అయితే మీ తోటలోని స్ప్రింక్లర్ గొట్టాల్లాంటి సొంత లైన్లను వాళ్లు గుర్తించరు. అవి ఎటు పోతున్నాయో మీరే చూసుకోవాలి.

ఇక ఇటుకలు. మంట తగిలే లోపలి వరసకు ఫైర్ బ్రిక్ (ఎక్కువ వేడిని తట్టుకునే ఇటుక) తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. మామూలు ఇటుక వేడికి పగుళ్లిస్తుంది, తడి పీల్చుకుని ఉంటే పెచ్చులుగా ఎగిరిపడుతుంది కూడా. ఏటి గులకరాళ్లు అందంగా ఉంటాయని లోపల పరవకండి, వాటిలో చిక్కుకున్న నీరు ఆవిరై అవి పేలే ప్రమాదం ఉంది. లోపలి వ్యాసం 3 అడుగులు అనుకుంటే, 9 అంగుళాల ఫైర్ బ్రిక్ వరసకు 12 పడతాయి. ఇటుక మందం రెండున్నర అంగుళాలు కాబట్టి అయిదు వరసలు పేరిస్తే అడుగు ఎత్తు దాటుతుంది. అంటే 60 ఇటుకలు, విరిగేవాటికి ఇంకో అయిదారు. చుట్టూ వేలు పట్టేంత సందు వదిలి బయటి గోడను మామూలు ఇటుకతోనే కట్టుకోవచ్చు. వేడికి లోపలి గోడ వ్యాకోచించినా బయటి గోడను నెట్టకుండా ఆ సందు కాపాడుతుంది.

మధ్యలో మేకు కొట్టి, పురికొస కట్టి గుండ్రంగా గీత గీయండి. గోడల మందం కూడా కలుపుకుని గీయాలి సుమా. ఏడెనిమిది అంగుళాలు తవ్వి, కంకర పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టండి. ఇక్కడ తొందరపడితే శీతాకాలం నేల గడ్డకట్టి, కరిగి, గోడను వంకర చేస్తుంది. నడుమ కాంక్రీటు పోయకండి, వాన నీరు ఇంకిపోవాలి. మొదటి వరసను స్పిరిట్ లెవెల్‌తో అంగుళం అంగుళం సరిచూడండి. అది మట్టంగా కూర్చుంటే మిగతావి వాటంతటవే కుదురుతాయి. పై వరస ఇటుక కింది అతుకు మీద పడాలి, అడుగున గాలికి మూడు నాలుగు చోట్ల సందులు వదలాలి. అతికించదలిస్తే లోపలి వరసకు వేడిని తట్టుకునే రిఫ్రాక్టరీ సిమెంటే వాడండి. అది పూర్తిగా ఆరాక మొదట చిన్న మంటలే వేయండి.

బాగా ఎండిన కట్టెలే కాల్చండి. పచ్చి కట్టె పొగ పక్కింటివాళ్లకు ఇబ్బంది. పెయింట్ వేసిన చెక్క, మందు పట్టించిన చెక్క అస్సలు వద్దు. కట్టెలు దగ్గర్లోనే కొనండి. యాష్ చెట్లను చంపే పచ్చపురుగు ఎమరాల్డ్ యాష్ బోరర్ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పాకింది చాలావరకు దూరం నుంచి తెచ్చిన కట్టెలతోనే. గాలి ఎక్కువగా ఉన్న రోజున, బర్న్ బ్యాన్ (ఆరుబయట మంటలపై నిషేధం) ఉన్నప్పుడు మంట వేయకూడదు. లేచి వెళ్లేముందు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయండి. నివురు కింద నిప్పు మర్నాటికీ ఉంటుంది కాబట్టి బూడిదను మూతున్న ఇనుప బకెట్‌లోకే ఎత్తి, ఇంటికి దూరంగా పెట్టండి.