ప్లాస్టిక్ పైపు మీద బాత్‌టబ్ స్పౌట్: ఊగితే, కారితే, షవర్ కూడా కురిస్తే

గోడలో సీపీవీసీ గానీ పెక్స్ గానీ (రెండూ ప్లాస్టిక్ పైపు రకాలే) ఉంటే టబ్ స్పౌట్, అంటే టబ్‌లోకి నీళ్ళు పోసే గొట్టం, పెట్టే తంటాలు చాలావరకు ఒక్కచోటే మొదలవుతాయి. ప్లాస్టిక్ పైపు నీళ్ళు మోస్తుంది గానీ బరువు మోయదు. స్పౌట్‌నేమో పెద్దవాళ్ళు పట్టుకుని లేస్తారు, పిల్లలు వేలాడతారు, షవర్ కోసం రోజూ నాబ్ లాగుతారు. ఆ లాగుడంతా గోడకు బిగించిన ఇత్తడి ఎల్బో (వంపు ముక్క) మీద పడాలి. పైపు మీద పడిందంటే కింది వాటిలో ఏదో ఒకటి తప్పదు.

స్పౌట్ ఊగుతోంది, చేత్తో తిప్పితే తిరిగిపోతోంది

ముందు స్పౌట్ అడుగున, గోడ వైపు చివర వేలితో తడిమి చూడండి. చిన్న రంధ్రం, అందులో అలెన్ స్క్రూ తగిలితే అది తొడుగుడు రకం స్పౌట్. అది రాగి పైపు కోసం చేసినది. అర అంగుళం రాగి పైపు బయటి వ్యాసం 15.9 మి.మీ.; రాగి కొలతల్లో వచ్చే అర అంగుళం సీపీవీసీదీ, పెక్స్‌దీ కూడా అంతే. అందుకే చక్కగా దూరుతుంది, మోసమూ అక్కడే. స్క్రూ బిగిస్తే దాని మొన ప్లాస్టిక్‌లో దిగబడుతుంది. వేడినీళ్ళకు ప్లాస్టిక్ మెత్తబడి పట్టు జారుతుంది. మళ్ళీ బిగిస్తాం, ఇంకాస్త దిగుతుంది. ఓ రోజు పైపుకు బొక్క పడుతుంది.

స్క్రూ మార్చితే తీరే పని కాదిది. స్పౌట్ తీసేసి, మర రకం స్పౌట్ తెచ్చుకోండి. గోడలో చెవులున్న ఇత్తడి ఎల్బో పెట్టి, వెనక అడ్డచెక్కకు తుప్పు పట్టని స్క్రూలతో బిగించండి. ఇటుక గోడైతే ఎల్బో చుట్టూ సిమెంటు మాలు గట్టిగా కూరాలి. దానిలోంచి అర అంగుళం ఇత్తడి నిపుల్ (రెండు చివరలా మర ఉన్న పొట్టి పైపు) బయటికి వస్తుంది, స్పౌట్ దాని మీద ఎక్కుతుంది. సీపీవీసీని ఎల్బోకు కలపడానికి ఇత్తడి మర ఉన్న అడాప్టర్ వాడండి. పూర్తిగా ప్లాస్టిక్ మర ఉన్న ఫిట్టింగ్‌లోకి ఇత్తడి నిపుల్ బిగిస్తే, మర లోపలికి పోయేకొద్దీ మేకులా చీలుస్తుంది. ఆ చీలిక ఆ రోజే కనబడకపోవచ్చు.

ఇక్కడ వరస ముఖ్యం: మర ఉన్న కీళ్ళు ముందు బిగించాలి, సీపీవీసీని అతికించే గమ్ము కీలు చివర. గమ్ము ఆరకుండానే పానా పట్టి నిపుల్ తిప్పితే కీలు లోపలే కదులుతుంది. పైపును అడ్డంగా, చివర వంకర లేకుండా కోసి, అంచు గీకి, గమ్ము రాసి, పావు చుట్టు తిప్పి దించి 30 సెకన్లు అలాగే పట్టుకోండి. ఆరే సమయం డబ్బా మీద ఉంటుంది. అనుమానముంటే 24 గంటలు ఆగండి. టంకం వేయాల్సిన రాగి ముక్క ఏదైనా ఉంటే బయటే టంకం వేసి, చల్లారాకే ప్లాస్టిక్‌కు కలపాలి.

స్పౌట్ వెనక నుంచి, లేదా గోడ అవతల తడి

ఎప్పుడు కారుతోందో గమనిస్తే సగం పని అయినట్టే. వాల్వ్ కిందున్న ఈ పైపు చివర తెరిచే ఉంటుంది, కాబట్టి టబ్‌లోకి నీళ్ళు వదిలినప్పుడు లోపల ఒత్తిడి పెద్దగా ఉండదు. షవర్ నాబ్ లాగినప్పుడే పెరుగుతుంది. షవర్ వాడినప్పుడు మాత్రమే తడి కనిపిస్తే నిపుల్ మరలనో, గమ్ము కీలునో అనుమానించండి. వాల్వ్ కట్టేసి ఉన్నా తడి వస్తుంటే లోపం ఇక్కడ కాదు, వాల్వ్‌కు వచ్చే లైన్లలో చూడాలి.

నిపుల్ మర మీద టెఫ్లాన్ టేపు 4 నుంచి 5 చుట్లు వేయండి. మర చివర మీ వైపు ఉండగా గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ముద్దగా లేచిపోతుంది. నూనె కలిసిన మర పేస్టు సీపీవీసీ దగ్గరికి రానీయకండి, ప్లాస్టిక్ పగుళ్ళిస్తుంది.

ఎంత టేపు చుట్టినా ఆగకపోతే మరల రకం చూడండి. పైపు మరల్లో బీఎస్‌పీ, ఎన్‌పీటీ అని రెండు ప్రమాణాలున్నాయి. అర అంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 మరలే. కాబట్టి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతాయి. మర కోణం మాత్రం బీఎస్‌పీకి 55 డిగ్రీలు, ఎన్‌పీటీకి 60. ఆ జతకు టేపు మందు కాదు, సరైన నిపుల్ కావాలి.

టైల్ వేయకముందే నిపుల్‌కూ షవర్ పైపుకూ మూతలు పెట్టి, వాల్వ్ తెరిచి, 15 నిమిషాలు పొడి కాగితంతో ప్రతి కీలూ అద్ది చూడండి.

టబ్‌లోకి నీళ్ళు వదిలితే షవర్ కూడా కారుతోంది

చాలామంది డైవర్టర్ (నాబ్ లాగితే నీళ్ళను షవర్‌కు మళ్ళించే భాగం) మార్చేస్తారు, ఫలితం ఉండదు. వాల్వ్ నుంచి స్పౌట్‌కు దిగే ముక్క పెక్స్ లేదా సీపీవీసీ అయితే దోషం చాలావరకు దానిదే. బయట కొలత ఒకటే అయినా ప్లాస్టిక్ గోడ మందం ఎక్కువ: రాగికి లోపలి వ్యాసం దాదాపు 14 మి.మీ. ఉంటే వీటికి 12 పైచిలుకే, పెక్స్ ఫిట్టింగ్ లోపల ఇంకా సన్నం. దిగాల్సిన నీళ్ళకు దారి ఇరుకై పైకి ఎగదన్నుతాయి. ఆ ఒక్క ముక్కను అర అంగుళం రాగి లేదా ఇత్తడి పైపుతో మార్చండి. నిలువుగా దిగాలి, వంపు ఒక్కటే, అదీ స్పౌట్ దగ్గర. చాలా వాల్వ్‌ల సూచనల్లో ఈ దూరం 8 నుంచి 18 అంగుళాలని ఉంటుంది.

మూతి పక్కకు తిరిగి ఆగింది, లేదా గోడకు సందు మిగిలింది

బిగుసుకున్న స్పౌట్‌ను వెనక్కి తిప్పి సరిచేయకండి, మర వదులై కారుతుంది. విప్పి, టేపు ఒక చుట్టు పెంచో తగ్గించో మళ్ళీ ఎక్కించండి. మూతిలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పే అలవాటు డైవర్టర్‌కు చేటు. గుడ్డ చుట్టి చేత్తో తిప్పితే చాలు.

సందుకు కారణం నిపుల్ పొడవు. స్పౌట్ వెనక అంచు నుంచి లోపల మర మొదలయ్యే దాకా కొలవండి, దానికి 13 మి.మీ. కలపండి. అంత నిపుల్ టైల్ బయటికి రావాలి. మర 20 మి.మీ. లోతున ఉంటే నిపుల్ 33 మి.మీ. బయట ఉండాలి. కొన్ని స్పౌట్లలో మర మూతి దగ్గర ఉంటుంది; వాటికి పొడవాటి నిపుల్ కావాలి. పొట్టి నిపుల్ రెండు మరల మీదే వేలాడుతుంది.

చివర్లో సిలికాన్ పూసేటప్పుడు పైనా పక్కలా పూసి, అడుగున వేలెడంత ఖాళీ వదలండి. లోపల ఎప్పుడైనా కారితే ఆ నీళ్ళు గోడలోకి ఇంకకుండా అక్కడి నుంచి టబ్‌లోకి వచ్చి కనబడతాయి.