ఎలుగులు తిరిగే అడవికి పొట్టి గొట్టం రివాల్వర్: ఎలా ఎంచుకోవాలి?

అలాస్కాలో కీనై ద్వీపకల్పం మీద రష్యన్ రివర్ అని ఒక ఏరు ఉంది. వేసవిలో ఎర్ర సాల్మన్ చేపలు అందులో ఎదురీదుతూ వస్తాయి. వాటికోసం గాలాలు పట్టుకున్న మనుషులూ, గోధుమరంగు ఎలుగుబంట్లూ ఒకే ఒడ్డుకు చేరతారు. అందుకే అక్కడ చేపలు పట్టేవాళ్ళ ఛాతీ మీద పొట్టిగా, లావుగా ఉండే రివాల్వర్ కనిపించడం మామూలు. సియాటెల్ నుంచో డాలస్ నుంచో అలాస్కా ప్రయాణం పెట్టుకున్న మనవాళ్ళు "ఏది కొనమంటారు?" అని అడుగుతుంటారు. దొరికినవాటిలో పెద్దది కొనెయ్యమని చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. నా మాట వేరు. మొదటి గుండు పేలాక చెయ్యి కుదురుకుని, రెండోదీ గురి మీదే పడాలి. అలా మీరు కాల్చగలిగినదే మీ తుపాకీ.

ముందు మీ వీసా చూసుకోండి

మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నేరం. స్నేహితుడిది కాసేపు చేతిలోకి తీసుకున్నా అంతే. కొన్ని మినహాయింపులున్నాయి. అందులో ముఖ్యమైనది, ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. తుపాకీ కేసు పడితే దేశం విడిచి వెళ్ళాల్సి రావచ్చు కాబట్టి, ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా అడుగు వెయ్యొద్దు. గ్రీన్‌కార్డు ఉంటే కొనుక్కోవచ్చు. కానీ 21 ఏళ్ళు నిండాలి, మీరు నివసించే రాష్ట్రంలోని డీలరు ద్వారానే తీసుకోవాలి. యాంకరేజ్‌లో దిగి అక్కడే కొనుక్కుందామంటే కుదరదు.

తూటా తేల్చుకోండి

.357 మ్యాగ్నమ్ నల్ల ఎలుగులకు సరిపోతుంది (తూటా పేరులోని అంకె గుండు మందం, సుమారుగా అంగుళాల్లో). గ్రిజ్లీలు, అంటే గోధుమ ఎలుగులు తిరిగేచోట .44 మ్యాగ్నమ్ నుంచి మొదలుపెట్టండి. 1955లో వచ్చిన ఈ తూటా ఇప్పటికీ అన్నిటికంటే తూకంగా ఉన్నదని నా నమ్మకం. దీనికి పైన .454 కసుల్, ఇంకా పైన 2003లో వచ్చిన .500 మ్యాగ్నమ్ ఉన్నాయి. వాటిని పొట్టి గొట్టంలోంచి కాలిస్తే చెయ్యి ఎక్కడికో లేచిపోతుంది. తిరిగి గురి కుదుర్చుకునేలోపు గంటకు 50 కిలోమీటర్ల పైన పరుగెత్తే ఎలుగు మీ మీదికి వచ్చేస్తుంది.

.44 మ్యాగ్నమ్‌లో ఇంకో సుఖం ఉంది. అందులో .44 స్పెషల్ తూటాలు కూడా పడతాయి. అవి కాస్త పొట్టివి, మెత్తగా పేలతాయి, సాధనకు హాయి. .454 ఉన్నవాళ్ళకు .45 కోల్ట్ అలాగే పనికొస్తుంది. అయితే పొట్టి తూటాలు కాల్చాక తూటాలు పెట్టే సిలిండర్ గదుల్లో మసి వలయంలా పేరుకుని పొడుగు తూటాలు ఇరుక్కుంటాయి. అడవికి వెళ్ళేముందు బ్రష్‌తో శుభ్రంగా తోమాలి.

బరువూ, గొట్టమూ

అసలు నిర్ణయం ఇక్కడ ఉంది. మూడు తుపాకులు పక్కపక్కన పెట్టుకుని చూడండి. రూగర్ సూపర్ రెడ్‌హాక్ అలాస్కన్‌కు గొట్టం రెండున్నర అంగుళాలు, బరువు దాదాపు కిలోంబావు, తూటాలు ఆరు. స్మిత్ అండ్ వెసన్ 329పీడీకి గొట్టం నాలుగంగుళాలు ఉన్నా స్కాండియం, టైటానియం లోహాల వల్ల బరువు 700 గ్రాముల చిల్లరే. అదే కంపెనీ మోడల్ 69 ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది: రెండుముప్పావు అంగుళాల గొట్టం, కిలోకు కాస్త తక్కువ, తూటాలు అయిదే.

తేలికపాటిది మోయడానికి బంగారంలా ఉంటుంది. కాల్చినప్పుడు మాత్రం ఆ బరువు లేకపోవడమే అరచేతికి తగులుతుంది. పూర్తి బలం ఉన్న తూటాలు 329పీడీలో రెండు విడతలు కాల్చాక చాలామంది దాన్ని పక్కన పెట్టేస్తారు. సాధన లేని తుపాకీ ఎంత తేలికైనా ఏం లాభం? మరీ బరువైతే అది గుడారంలోనే ఉండిపోతుంది. రోజంతా ఏట్లో నిలబడేవాళ్ళకు నేను చెప్పేది మధ్యస్థం, అంటే కిలోకు అటూ ఇటూ.

గొట్టం పొట్టిదైనకొద్దీ తూటా వేగం తగ్గుతుంది. ఆరంగుళాల గొట్టంతో పోలిస్తే రెండున్నర అంగుళాలలో సెకనుకు 50, 60 మీటర్లు పోవడం మామూలే. పూర్తిగా కాలని మందు బయటికొచ్చి మెరుపులా వెలుగుతుంది, చప్పుడు చెవులు దిమ్మెక్కిస్తుంది. ముందు గుర్తుకూ వెనక గుర్తుకూ మధ్య దూరం తగ్గి గురి తేలిగ్గా తప్పుతుంది. ఛాతీ మీద తగిలించుకునేవాళ్ళకు నాలుగంగుళాల గొట్టం కూడా అడ్డం రాదు. కాబట్టి నాలుగంగుళాలది ఒకసారి పట్టుకుని చూశాకే పొట్టిదానివైపు వెళ్ళండి.

డబుల్ యాక్షన్‌ది మాత్రమే కొనండి, అంటే ట్రిగ్గర్ లాగితే చాలు హ్యామర్ దానంతటదే లేచి పడేది. ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్ ఎత్తే తీరిక ఎలుగు ఇవ్వదు. పిడి మందమైన రబ్బరుది ఉండాలి. వేలు ట్రిగ్గర్‌కు బాగా అందాలి. మనలో చిన్న చేతులవాళ్ళు ఎక్కువ కాబట్టి చేత్తో పట్టి చూడకుండా ఆన్‌లైన్‌లో బేరం కుదుర్చుకోకండి.

ఏ గుండు?

ముందు గుంట ఉండే హాలో పాయింట్ గుండ్లు తగలగానే విచ్చుకుంటాయి, లోతుకు దిగవు. ఎలుగు కొవ్వూ, భుజం ఎముకా దాటి లోపలికి వెళ్ళాలంటే గట్టి సీసంతో పోసిన, మూతి చదునుగా ఉండే బరువైన గుండు కావాలి. .44లో 240 నుంచి 300 గ్రెయిన్ల బరువు (సుమారు 15 నుంచి 20 గ్రాములు) దాకా దొరుకుతాయి. తేలిక తుపాకీలో ఒక ప్రమాదం ఉంది: కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకు మిగతా తూటాల్లోని గుండ్లు ముందుకు జారి సిలిండర్‌ను తిరగనివ్వవు. పరీక్ష సులభం. ఒక తూటాను మాత్రం ఉంచేసి మిగతావి కాల్చండి. దాన్ని తీసి పొడవు కొలవండి. పెరిగిందంటే ఆ రకం వద్దు.

తగిలించుకోవడం, సాధన

వీపుసంచి బెల్టు నడుమును కప్పేస్తుంది, కాబట్టి ఛాతీ హోల్‌స్టర్, అంటే ఛాతీ మీద తగిలించుకునే తుపాకీ ఒర కొనండి. ఏట్లో దిగినా తడవదు. సాధన ఏడు మీటర్ల నుంచి, పేపర్ ప్లేటు మీద, డబుల్ యాక్షన్‌లోనే. చెవులకు ప్లగ్గులూ పైన మఫ్‌లూ రెండూ పెట్టుకోండి. ఒక్కసారికి ఇరవై, పాతిక గుండ్లు చాలు. అలసిన చెయ్యి ట్రిగ్గర్ లాగేటప్పుడు ఉలిక్కిపడటం నేర్చుకుంటుంది. ఇంట్లో డమ్మీ తూటాలతో రోజూ పది నిమిషాలు చేస్తే ఇంకా మేలు.

ప్రయాణం

సియాటెల్ నుంచి కారులో వెళ్దామనుకుంటే దారిలో కెనడా ఉంది. 105 మిల్లీమీటర్లు, అంతకంటే పొట్టి గొట్టం ఉన్న చేతి తుపాకులు అక్కడ నిషిద్ధం. విమానంలోనైతే తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, చెక్-ఇన్ కౌంటర్‌లో చెప్పి పంపాలి. 2010 నుంచి జాతీయ పార్కుల్లో ఆ రాష్ట్ర చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవచ్చు. విజిటర్ సెంటర్ లాంటి ప్రభుత్వ భవనాల్లోకి మాత్రం తీసుకెళ్ళకూడదు.

తుపాకీ ఉన్నా ఎలుగు స్ప్రే, అంటే ఎలుగు మీదికి మిరప ఘాటు చిమ్మే డబ్బా కొనండి. విమానంలో దాన్ని అసలు రానివ్వరు కాబట్టి అక్కడికి చేరాకే కొనుక్కోవాలి. అలాస్కా సంఘటనల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో గోధుమ ఎలుగుల మీద స్ప్రే 92 శాతం సార్లు పనిచేసింది. చేతికి ముందు అదే అందేలా పెట్టుకోండి.

ప్రాణరక్షణకు ఎలుగును కాల్చాల్సివస్తే గోళ్ళతో సహా తోలు ఒలిచి, పుర్రెతో కలిపి రాష్ట్ర చేపలు, వేట శాఖకు అప్పగించాలి. 15 రోజుల్లో రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలి. ఆ తోలు తీయడానికి గంటలు పడుతుంది, చేపలు కోసే చిన్న చాకుతో అవ్వదు. సంచిలో ఒక మంచి కత్తి కూడా పెట్టుకోండి.