డోలు దెబ్బ మళ్లీ వినిపించింది: నా అనుభవం

తిరుపతిలో మా ఇంటి పెళ్లినాడు రికార్డు చేయించిన నాదస్వర కచేరీ ఫైలులో మెల్లని ఆలాపన, ముహూర్తపు గట్టిమేళం రెండూ ఒకే బిగ్గరతో మోగి, కాసేపటికే చెవులు అలసిపోయేవి. వాల్యూమ్ తగ్గించడం, ఈక్వలైజర్ సవరించడం, హెడ్‌ఫోన్లు మార్చడం, ఏవీ ఫలించలేదు. శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్ కోసేసిన శిఖరాలు (అతి బిగ్గరైన క్షణాలు) వాల్యూమ్ తగ్గిస్తే తిరిగి రావు కదా.

చివరకు రికార్డు చేసినవారిని అడిగి, లిమిటర్ తగలని 24 బిట్ల మూల ఫైలు తెచ్చుకున్నాను. దానిని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పెద్ద, చిన్న శబ్దాల తేడాను తగ్గించే కంప్రెసర్ ఏదీ వేయకుండా, మొత్తం సగటు బిగ్గరను కోరిన స్థాయికి తెచ్చే లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరను కొలిచే ప్రమాణం) ఇచ్చి చూస్తే డోలు దెబ్బలు డిజిటల్ ఫైలుకు గరిష్ఠ హద్దైన సున్నా డెసిబెల్ గీతను దాటిపోయాయి. వెంటనే అన్‌డూ చేసి −20 ఇచ్చినప్పుడు, అన్నిటికంటే పెద్ద దెబ్బ కూడా −1 డెసిబెల్ లోపే నిలిచింది. ఆ తర్వాతే నాణ్యత తగ్గించని ఫ్లాక్ ఫైలుగా భద్రపరిచాను. వినేటప్పుడు వాల్యూమ్ కాస్త పెంచుకోవాలి, అంతే.

మూల ఫైలు దొరకని సీడీలకు ఈ పద్ధతి పనికిరాదు. −20 అనే అంకె కూడా మా రికార్డింగుకు కుదిరింది గానీ, అన్నిటికీ కుదురుతుందని చెప్పలేను.