చిన్న పిల్లలతో ఆన్‌లైన్ సాధనాలు – 3వ పాఠం: ముందు ఊహ, తర్వాత తెర

పోయిన పాఠంలో ఫెట్ అనే సైన్సు, లెక్కల వెబ్‌సైట్ నుంచి సిమ్యులేషన్‌ను (తెర మీద కదిపి, మార్చి చూసే బొమ్మను) ఫైల్‌గా దించుకోవడం నేర్చుకున్నాం. బడిలో నెట్ పోయినా ఆ ఫైల్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ వెబ్‌సైట్‌లో ఉచితం. ఈ రోజు అందులోని ‘ఫ్రాక్షన్స్: ఇంట్రో’తో భిన్నాలు చెబుదాం.

తెర అప్పుడే వెలిగించకండి. బోర్డు మీద 1/2, 1/4 రాసి ఏది పెద్దదని అడగండి. చాలామంది 1/4 అంటారు. రెండు కన్నా నాలుగు పెద్దది కదా! తప్పని చెప్పకుండా, ఎవరెవరు ఏమన్నారో చేతులెత్తించి, ఆ లెక్క బోర్డు మూలన రాసి ఉంచండి. ఆ వెంటనే, ‘అర కిలో చక్కెర ఎక్కువా, పావు కిలోనా?’ అనండి. ఇందాక 1/4 అన్నవాళ్లే తడుముకోకుండా అర కిలో అంటారు. పావు అనే మాట వాళ్లకు ఇంట్లోనే వచ్చేసింది. బోర్డు మీది 1/4 కూడా ఆ పావేనని మాత్రం ఇంకా తెలియదు. ఈ రోజు మన పనంతా ఆ రెండింటినీ కలపడమే.

ఇప్పుడు తెర. వృత్తం ఎంచుకుని, హారం 2 పెట్టి, బుట్టలోంచి ఒక ముక్క లాగి వృత్తంలో వేయించండి. హారం 4కి మార్చే ముందు ఆగండి. ‘ముక్క ఎంత అవుతుంది? చేతులతో చూపించండి’ అనండి. అందరూ చూపించాకే బాణం నొక్కించండి. బుట్టలో ముక్కలు చిన్నవవుతాయి. ఇక్కడ మీరు ఏమీ చెప్పకండి. ఎవరో ఒకరు ‘టీచర్, అంకె పెరిగితే ముక్క తగ్గుతోంది!’ అనేదాకా ఓపిక పట్టండి. హారం 8 దాకా వెళ్తుంది, అంతవరకూ ఇలాగే చేయండి.

టచ్ లేని టీవీ అయితే ల్యాప్‌టాప్ కలిపి, మౌస్ ఒక పిల్లకో పిల్లాడికో ఇవ్వండి. మౌస్ పట్టినవాళ్లు మాట్లాడకూడదు. ఏం చేయాలో కూర్చున్నవాళ్లే చెప్పాలి. మొదటిసారి నేను అన్నీ నా చేత్తోనే నొక్కాను. రంగులు చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు 1/3, 1/5లో ఏది పెద్దదంటే ఎక్కువమంది 1/5 అన్నారు. ఆ రోజు చాలా బాధపడ్డాను. అప్పటినుంచి మౌస్ నేను పట్టుకోవడం లేదు.

చివరి పది నిమిషాలు టీవీ ఆపి, రొట్టెలా గుండ్రంగా కత్తిరించిన కాగితాన్ని ఒకసారి, మళ్లీ ఒకసారి మడత పెట్టించండి. దీన్ని మానేయొద్దు. తెర మీద ముక్కలు ఎప్పుడూ సమానంగానే వస్తాయి. వంకరగా మడిచి, విప్పి, మళ్లీ సరిచేసుకున్నప్పుడే ‘సమాన భాగాలు’ అంటే ఏమిటో పిల్లలకు పట్టుబడుతుంది.

ఈ సిమ్యులేషన్‌లో గేమ్ కూడా ఉంది, దాన్ని ఈ వారం తెరవకండి. నక్షత్రాల కోసం తొందరపడి ఊహించడం మరిచిపోతారు.

అభ్యాసం: రెండు రోజులు ఆగి, తెర లేకుండా 1/3, 1/5 అడగండి. ఎందుకని కూడా అడిగి, పిల్లల జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. నాలుగో పాఠంలో సంఖ్యారేఖ తెరిచేటప్పుడు ఆ జవాబులు రాసుకున్న కాగితం పక్కన ఉండాలి.