చెన్నై నుంచి కౌస్తినెన్ ఫిడేలు పండుగకు: సిద్ధపడవలసిన తీరు

ఫిన్లాండు పశ్చిమ భాగంలో, మధ్య ఆస్ట్రోబొత్నియా ప్రాంతంలో, నాలుగు వేల పైచిలుకు జనాభా గల కౌస్తినెన్ అనే చిన్న మునిసిపాలిటీ ఉంది. 1968లో మొదలైన జానపద సంగీతోత్సవం అక్కడ ఏటా జూలైలో జరుగుతుంది. పెళ్లిళ్లలో, నాట్యాలలో పెరిగిన ఆ ఊరి ఫిడేలు సంప్రదాయం 250 ఏళ్లకు పైబడినది. 2021లో యునెస్కో దానిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. డిసెంబరు సంగీత కచేరీల సీజనులో మైలాపూరు సభల వెంట తిరిగే చెన్నై తెలుగు కుటుంబాలు, ముఖ్యంగా ఇంట్లో వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లలున్నవారు, ఒక్కసారైనా చూసి తీరవలసిన పండుగ ఇది.

ముందుగా గది మాట చూసుకోవాలి. ఊరు చిన్నది కనుక పండుగ వారంలో బస దొరకడం కష్టం. రద్దు చేసుకునే వీలున్న గదిని చలికాలంలోనే పట్టుకోవడం మేలు. కౌస్తినెన్‌లో దొరకకపోతే, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొక్కొలా పట్టణంలో ఉండవచ్చు. హెల్సింకీ నుంచి కొక్కొలాకు రైలులో దాదాపు నాలుగు గంటల ప్రయాణం, అక్కడి నుంచి రోడ్డు మార్గం. ఫిన్లాండు సహా పలు ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేసవిలో రద్దీ ఎక్కువ కనుక మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఆ పని ముగించుకోవడం మంచిది. జూలై అయినా రాత్రిపూట చలి ఉంటుంది, ఉన్ని దుస్తులు తీసుకువెళ్లాలి; పది దాటినా వెలుతురు పోదు కనుక పిల్లల నిద్రకు కళ్లగంతలు పెట్టుకుంటే ఉపయోగపడతాయి.

వాద్యం వెంట తీసుకువెళ్లేవారు మరింత శ్రద్ధ వహించాలి. మన వయొలిన్‌ను షడ్జ పంచమాలకు, గాయకుడి శ్రుతికి అనుగుణంగా, తరచుగా బాగా తగ్గించి శ్రుతి చేస్తాము. అక్కడివారు నాలుగు తీగలను పాశ్చాత్య పద్ధతిలో జి, డి, ఎ, ఇ స్వరాలకు బిగిస్తారు. తగ్గు శ్రుతికి అలవాటుపడిన పాత తీగలను ఒక్కసారిగా పైకి లాగితే తెగే ప్రమాదం ఉంది. అందువలన బయలుదేరడానికి కొన్ని వారాల ముందే కొత్త తీగలు వేయించి, ఆ శ్రుతిలో నిలబెట్టి, రోజూ కొంతసేపు వాయించి చూసుకోవాలి. చెన్నై ఉక్క నుంచి పొడిగాలిలోకి వెళ్లినప్పుడు కొయ్య కుంచించుకుని బిరడాలు జారుతాయి. వాటిని సరిచేయించి, అదనపు తీగల జతను పెట్టెలో ఉంచుకోవాలి. ఫిడేలును సామానులో వేయకుండా చేతిలోనే ఉంచుకోవడానికి విమాన సంస్థ నియమాలను టికెట్టు కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

ఇక వినే పద్ధతి. పెద్ద వేదికల కచేరీలు బాగుంటాయి, కానీ ఈ సంప్రదాయపు అసలు రుచి వాద్యకారులు గుమిగూడి వాయించే చోట తెలుస్తుంది. కొన్ని ఫిడేళ్లు, కాళ్లతో తొక్కే హార్మోనియం, నిలబెట్టి వాయించే బేస్ అనే పెద్ద తీగవాద్యం కలిసి ఒక మేళం అవుతాయి. వాద్యకారుల పాదాలు నేలను తడుతూ లయను నిలబెడతాయి. బరువు ఊహించని చోట పడుతుంది, అందుకే నాట్యం చేసేవారికి ఆ సంగీతం అంతగా ఒదుగుతుంది. పోల్కా అనే నాట్యపు బాణీకి ఆది తాళం చతురశ్ర (నాలుగు లెక్కల) నడకలో వేసుకోవచ్చు. పోల్స్కా, వాల్ట్స్ అనే నాట్యపు బాణీలు మూడు లెక్కల నడకలు. ఒక బాణీలో సాధారణంగా రెండు భాగాలు ఉంటాయి, ఒక్కొక్కటి రెండేసి సార్లు వస్తుంది. ఈ సంగీతం ప్రధానంగా చెవితో నేర్చుకునేది కనుక మనవారికి పెద్ద సౌలభ్యం ఉంది: గురువు వాయించగా పట్టుకునే అలవాటు మన పిల్లలకు ముందే ఉన్నది. మొదటి ఆవృత్తిలో తాళం, రెండవదానిలో బాణీ, మూడవదానిలో మెల్లగా కమాను (తీగలపై లాగే కర్ర). ఇలా మూడు అంచెల్లో కలవాలి. గమకాలను మాత్రం ఇక్కడే వదిలి వెళ్లాలి; అక్కడి సొగసు కుడిచేతి కమాను బరువులో ఉంటుంది.

పిల్లల విషయంలో న్యాప్పరిత్ పద్ధతిని తప్పక గమనించాలి. కౌస్తినెన్ వాద్యకారుడు మౌనో యార్వెలా 1980ల నుంచి పెంచిన ఈ బోధనలో, నిన్న కమాను పట్టిన పిల్లవాడికీ, ఏళ్లుగా వాయిస్తున్నవాడికీ ఒకే పాటలో తమ తమ స్థాయికి తగిన భాగాలు ఇస్తారు. వర్ణం అనే రచన వాయించడం వచ్చేదాకా వేదిక మాట ఎత్తని మన ఇళ్లలో ఇది ఆలోచించదగిన సంగతి అని నా నమ్మకం.

జూలైలో వీలుకానివారు ఆ ప్రాంతపు ఇతర పండుగలకు వెళ్లవచ్చు. ఆస్ట్రోబొత్నియాలో ఈస్టరు సమయంలో మంత్రగత్తెలను తరమడానికని మన భోగిమంటల వంటి పెద్ద మంటలు వేస్తారు. డిసెంబరు 6న, ఫిన్లాండు స్వాతంత్ర్య దినాన, దేశమంతటా కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగిస్తారు. అయితే ఫిడేలు కోసమైతే జూలైనే ఎంచుకోవాలి.

ఎవరైనా వాయిస్తుండగా ఫోనులో రికార్డు చేయాలనుకుంటే ముందు అడగాలి. చాలా బాణీలు ఫలానావారి పోల్స్కా అని పాత వాద్యకారుల పేర్లతోనే నిలిచి ఉన్నాయి కనుక, నేర్పినవారి పేరునూ ఊరినీ అప్పుడే రాసుకుని, చెన్నైలో ఎక్కడ వాయించినా ఆ పేరు చెప్పి మొదలుపెట్టాలి.