మెట్రో స్టేషన్ దగ్గర 400 గజాలు: కింద మడిగెలు, పైన ఇళ్లు కట్టాలంటే

బ్రోచర్లలో "స్టేషన్‌కు 500 మీటర్లు" అని వేసేది మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచిన దూరం. మీకు కావాల్సింది నడక దూరం. స్టేషన్ల చుట్టూ అభివృద్ధి కోసం 2017లో కేంద్రం తెచ్చిన విధానం స్టేషన్ ప్రభావాన్ని 500 నుంచి 800 మీటర్ల వరకు లెక్కేసింది. అది ప్లానింగ్ లెక్క. మడిగె అద్దె మాత్రం స్టేషన్ మెట్లు ఎక్కడ దిగుతాయో దాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్ మెట్రో మూడు లైన్లూ పిల్లర్ల మీదే నడుస్తాయి. పంజాగుట్ట, ఎర్రమంజిల్ లాంటి చోట్ల స్టేషన్‌ను ఆనుకుని పెద్ద మాల్స్ కట్టుకున్నారు. మనలాంటివాళ్ల గిరాకీ అంతా మెట్లు దిగాక నడిచి వచ్చేదే.

అందుకే స్కెచ్ గీయించకముందే, మామూలు పనిరోజున కింది మెట్టు నుంచి మీ గేటు దాకా నడిచి టైం చూడండి. ఏడెనిమిది నిమిషాలు దాటితే దారిన పోయేవాళ్ల మీద ఆధారపడే వ్యాపారం వద్దు. ఆ లోపయితే గేటు దగ్గర కుర్చీ వేసుకుని, పొద్దున 8 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 9 మధ్య పావుగంటకోసారి మీ వైపు నడిచేవాళ్లను లెక్కపెట్టండి. పొద్దున స్టేషన్‌కు వెళ్లే వైపు టిఫిన్, చాయ్ నడుస్తాయి. సాయంత్రం దిగివచ్చే వైపు కూరగాయలు, మందుల షాపు, కర్రీ పాయింట్ నడుస్తాయి. అమీర్‌పేట లాంటి చోట హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల వల్ల రోజంతా జనం ఉంటారు. దాన్ని చూసి మామూలు కాలనీ స్టేషన్‌కు అదే లెక్క వేస్తే మడిగెకు టు-లెట్ బోర్డు వేలాడుతుంది.

ఇక అసలు చిక్కు. ప్లాటు 45 అడుగుల ముఖం, 80 అడుగుల లోతు, ముందు 40 అడుగుల రోడ్డు అనుకుందాం. సెట్‌బ్యాక్‌లు (హద్దుకూ బిల్డింగ్‌కూ మధ్య వదలాల్సిన ఖాళీ) ముందు 10, మిగతా మూడు వైపులా ఆరున్నర అనుకుంటే కట్టడానికి మిగిలేది 32 అడుగుల వెడల్పు, సుమారు 63 అడుగుల లోతు. రోడ్డు వెడల్పు పెరిగేకొద్దీ ముందు సెట్‌బ్యాక్ కూడా పెరుగుతుంది, కాబట్టి మెట్రో మెయిన్ రోడ్డు మీదైతే ఈ లెక్క పనికిరాదు. పక్క సెట్‌బ్యాక్‌కు బిల్డింగ్ నుంచి ఐదున్నర అడుగులు కలిపితే 12 అడుగుల కారు దారి వస్తుంది. పై ఇళ్లవాళ్లకు విడిగా 4 అడుగుల నడక దారి తీయండి. ఇక మిగిలేది రెండు మడిగెలకే: ఒక్కోటి 11 అడుగుల వెడల్పు, 25 అడుగుల లోతు. వెనక 38 అడుగుల్లో మెట్లు, లిఫ్టు పోగా నాలుగు కార్లు, కొన్ని బైకులు పడతాయి.

"రెండేనా, నాలుగు వేయొచ్చుగా" అని మేస్త్రీ అంటాడు. వేయొచ్చు, కానీ పార్కింగ్ చస్తుంది. పార్కింగ్‌ను బిల్టప్ ఏరియాలో శాతంగా అడుగుతారు, షాపులకు ఇళ్ల కంటే ఎక్కువ శాతం. ప్లాన్‌లో స్టిల్ట్ పార్కింగ్ (కింద గోడలు లేకుండా పిల్లర్ల మధ్య కార్లు పెట్టే చోటు) అని చూపించి తర్వాత షటర్లు బిగించే పద్ధతి మన దగ్గర మామూలే. అయితే పర్మిషన్ అప్పుడు కార్పొరేషన్‌కు తనఖా పెట్టిన 10 శాతం ఏరియా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే కాగితం) వచ్చేదాకా విడుదల కాదు. మడిగెలను మొదటి ప్లాన్‌లోనే చూపించండి. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు తెలంగాణ బిల్డింగ్ పర్మిషన్ల చట్టం, 2020 నాటి టీఎస్-బీపాస్, ఇచ్చిన తక్షణ అనుమతి షాపులు కలిస్తే వర్తించదు. సింగిల్ విండోలో 21 రోజుల దారిలో వెళ్లాలి.

డిజైన్ కింద నుంచి పైకి సాగాలి. చాలామంది ముందు ఫ్లాటు ప్లాన్ గీయించుకుని, దాని పిల్లర్లనే కిందికి దించుతారు. ఒక పిల్లర్ మడిగె మధ్యలో, ఇంకోటి కారు తిరిగేచోట పడుతుంది. ముందు కార్లు సర్దండి: రెండు కార్లకు పిల్లర్ల మధ్య 17 అడుగుల ఖాళీ కావాలి. ఆ తర్వాత షటర్లు, ఆ పైన గదులు.

మడిగెకు స్లాబ్ నుంచి స్లాబ్ వరకు 12, 13 అడుగులు పెట్టండి. బోర్డు, ఏసీ, ఫాల్స్ సీలింగ్‌కు అంత కావాల్సిందే. పైన పదడుగులు చాలు. మొత్తం ఎంత ఎత్తు వెళ్లొచ్చో స్థలం విస్తీర్ణం, రోడ్డు వెడల్పును బట్టి బిల్డింగ్ రూల్స్ ఉన్న జీవో 168 పట్టికలో చూసుకుని, అందులోంచి మడిగె ఎత్తు తీసేశాకే అంతస్తులు లెక్కపెట్టండి. ఫ్లోర్‌ను రోడ్డుకు 10 అంగుళాలు మించి లేపకండి. అడుగుకు అంగుళం వాలుతో ర్యాంపుకు 10 అడుగులు పడుతుంది, ముందు సెట్‌బ్యాక్‌లో సరిగ్గా ఇముడుతుంది. ఒకటిన్నర అడుగులు లేపితే ర్యాంపు ఫుట్‌పాత్ మీదికి వస్తుంది.

పై బాత్‌రూములు మడిగె నెత్తిన రాకూడదు. సంకెన్ స్లాబ్ (పైపుల కోసం బాత్‌రూము కింద దించి వేసే స్లాబ్) ఎంత బాగా వాటర్‌ప్రూఫ్ చేసినా ఎప్పుడో ఒకప్పుడు చెమ్మ దిగుతుంది, కింద ఫార్మసీ ఉంటే స్టాకు పోతుంది. వాటిని పార్కింగ్ మీదికి జరపండి. అద్దెకు ఎవరొస్తారో తెలియకపోయినా వంట పొగ కోసం రెండడుగుల చదరపు షాఫ్ట్ ఒకటి టెర్రస్ పైన ఆరడుగుల దాకా వదిలేయండి. తర్వాత వేయాలంటే స్లాబులు కోయాలి. అది లేనిచోట టిఫిన్ సెంటర్ పోపు ఘాటు నేరుగా మొదటి అంతస్తు బెడ్‌రూములోకి పోతుంది. ఆ మడిగె నీళ్లు మూడు గదుల గ్రీజ్ ట్రాప్ (నూనె, జిడ్డు ఆపే తొట్టి) దాటాకే డ్రైనేజీలో కలవాలి. వారానికోసారి దాన్ని శుభ్రం చేసే బాధ్యత ఎవరిదో అద్దె కాగితంలో రాయించండి.

కరెంటు మీటర్లు ఇళ్లకు కేటగిరీ-1, మడిగెలకు కేటగిరీ-2, లిఫ్టు, మోటారుకు మరో మీటర్. ఇంటి మీటర్ నుంచి షాపుకు వైరు లాగితే తనిఖీలో కేసు రాస్తారు. నీళ్లకూ అంతే: టెర్రస్ మీద మడిగెల ట్యాంకు వేరుగా ఉండాలి, లేదంటే ఆదివారం హోటల్ గిన్నెలు తోమేసరికి పై ఇళ్లకు కుళాయి రాదు.